ఇంగ్లండ్ పల్లెపాటలతో 28 నిమిషాల రేడియో కార్యక్రమం: పాట ఎంత, మాట ఎంత?

హన్మకొండ_శ్రోత:

అందరికీ నమస్తే. వరంగల్‌లో ఒక కమ్యూనిటీ రేడియో కోసం నాలుగు భాగాల కార్యక్రమం కడుతున్నాం. విషయం ఇంగ్లండ్ సంప్రదాయ జానపద గీతాలు. ఒక్కో భాగం 28 నిమిషాలు. వినేది మడికొండ, కాజీపేట, హసన్‌పర్తి వైపు జనం. బతుకమ్మ పాటా ఒగ్గుకథా బాగా ఎరిగినవాళ్లే కాని, ఇంగ్లీషు పాటలో మాట పట్టుకోలేరు.

నమూనా భాగంలో ఏడు పాటలు పెట్టాం. ఒక్కోదానికి ముందు అర నిమిషం పరిచయం, పాట నడుస్తుండగా శబ్దం తగ్గించి దాని మీద తెలుగులో అర్థం. మూడో పాట వచ్చేసరికి అన్నీ ఒక్క తీరుగానే ఉన్నాయన్నారు విన్నవాళ్లు. వాద్యం లేకుండా ఒక్క గొంతు పాడే పాట రాగానే రేడియో చెడిపోయిందనుకున్నారు.

ఎన్ని పాటలు ఉండాలి? అర్థం ఎప్పుడు చెప్పాలి? పాత రికార్డులకు హక్కుల లెక్క ఏమిటి? గరగర ఎంతవరకు తీయొచ్చు?

రామప్ప_దారి:

28 నిమిషాలకు ఏడు పాటలు పట్టవండి. ఇంగ్లండ్‌వి మూడు, మనది ఒకటి పెట్టండి. మొదటి పలకరింపు ఒకటిన్నర నిమిషం. ఒక్కో ఇంగ్లండ్ పాటకు ముందు రెండున్నర నిమిషాల మాట, ఆపైన నాలుగు నిమిషాల పాట. అలా మూడింటికి పందొమ్మిదిన్నర. మన పాటకు మాటతో కలిపి అయిదు. మిగిలే రెండు నిమిషాలు ముగింపుకూ, పాటల నిడివిలో తేడాలకూ. నిమిషానికి 100 పదాలు మించకుండా రాసుకోండి. రెండున్నర నిమిషాలకు 250 పదాలు కథ చెప్పడానికి సరిపోతాయి.

పాట మీద మాట మాత్రం వద్దు. మీ నమూనా దెబ్బతిన్నది అక్కడేనని నాకనిపిస్తోంది. ఈ పాటల్లో ముఖ్యమైనవి బాలడ్లు, అంటే కథాగేయాలు. ఎక్కువగా నాలుగు పాదాల చరణం, పాదానికి 4, 3, 4, 3 చొప్పున దెబ్బలు, రెండో పాదానికీ నాలుగో పాదానికీ ప్రాస. కథ ఒక చరణం నుంచి ఇంకో చరణానికి గెంతుతుంది. మాట్లాడేది తల్లా, కొడుకా, ప్రియురాలా అని చాలాచోట్ల పాట చెప్పదు. ఇంగ్లీషు తెలిసినవాళ్లే మొదటిసారి తికమకపడతారు. ఆరో చరణం దగ్గర శబ్దం తగ్గించారంటే, మల్లన్న పెండ్లికి ముందే ఒగ్గు పూజారిని లేపి పంపినట్టే.

కాబట్టి కథంతా ముందే చెప్పేయండి, చివరి చావుతో సహా. దాచిపెట్టాల్సింది ఏమీ లేదు. మల్లన్న కథకు కూర్చునేవాళ్లందరికీ ఆ కథ ముందే తెలుసు, అయినా తెల్లవార్లూ వింటారు. పాత్రలు ఎందరు, ఏ మాట తిరిగి తిరిగి వస్తుంది అన్న రెండూ తప్పకుండా చెప్పాలి. మొదటి భాగానికి 'లార్డ్ రాండల్' సరిగ్గా సరిపోతుంది. తల్లి అడుగుతుంది, కొడుకు జవాబిస్తాడు. ప్రతి చరణమూ అదే అచ్చు, మారేది ఒకటి రెండు మాటలే. ప్రియురాలు పెట్టిన తిండిలో విషం ఉందని మెల్లగా తేలుతుంది. ప్రశ్న-జవాబు పాట అని ముందే చెబితే, మాట తెలియకపోయినా మూడో చరణానికల్లా పట్టు దొరుకుతుంది.

రెండో భాగంలో పల్లవి మాట పట్టుకోండి. కథకు సంబంధం లేని మాట చరణం చరణానికీ వచ్చి పడడం 'స్కార్‌బరో ఫెయిర్'లో ఉంది, అక్కడ ఆకుకూరల్లాంటి మొక్కల పేర్లు. మన బతుకమ్మలో 'ఉయ్యాలో' చేసే పనీ అదే: ఒకామె పాదం చెబుతుంది, ఆ మాట దగ్గర అందరూ అందుకుంటారు. రెండూ పక్కపక్కన వినిపిస్తే వ్యాఖ్యానం అక్కర్లేదు. పేరున్న జోడు గాయకులు సైమన్, గార్ఫంకెల్‌ల 1966 రికార్డు మాత్రం వద్దు. అందులో రెండో పాట అల్లిక వాళ్లు కలిపిందే.

మూడో భాగానికి ఇంటింటికీ తిరిగి పాడే పాటలు. జనవరిలో పాడే వాసెయిల్ పాటలూ, ఈస్టర్‌కు గుడ్లు అడుగుతూ పాడే పాటలూ మన జాజిరి పిల్లల పాటకు వరసైనవి. దీవెన, అడగడం, పెట్టకపోతే చిన్న బెదిరింపు, మూడూ అక్కడా ఇక్కడా ఉన్నాయి.

అన్నీ ఒక్క తీరుగా ఉన్నాయన్నదానికి మందు వరసలో ఉంది. ఒంటి గొంతు కథాగేయం తర్వాత గుంపు పాడేది, దాని తర్వాత మెలోడియన్ గానీ కాన్సర్టినా గానీ (చేత్తో లాగి నొక్కి వాయించే పెట్టెలు) ఉన్న ఆట పాట. గుంపు పాటకు ససెక్స్‌లోని రాటింగ్‌డీన్ ఊరి కాపర్ కుటుంబం ఉంది. తరతరాలుగా రెండు గొంతుల్లో పాడినవాళ్లు. మామూలుగా ఇంగ్లండ్ పల్లెల్లో ఒక్కరే, వాద్యం లేకుండానే పాడేవారు. ఆ మాట మొదటి భాగం మొదటి నిమిషంలోనే చెప్పేస్తే రేడియో చెడిందన్న అనుమానం రాదు.

సంగీతం తెలిసిన శ్రోతలకు ఇంకో పట్టు: 'స్కార్‌బరో ఫెయిర్' అందరూ ఎరిగిన వరస డోరియన్ మోడ్, అంటే మన ఖరహరప్రియ స్వరస్థానాలు. మిక్సోలిడియన్ అంటే హరికాంభోజి, ఏయోలియన్ అంటే నటభైరవి. ఎక్కువ పాటలు శంకరాభరణం మెట్లలోనే ఉంటాయి. స్వరస్థానాలు కలుస్తాయి గానీ గమకాలూ రాగలక్షణమూ ఉండవు, ఆ తేడా చెప్పకపోతే తప్పు అర్థం పోతుంది. 'సెర్చింగ్ ఫర్ ల్యాంబ్స్' అయిదు దెబ్బల లెక్క, మనవాళ్లు చేత్తో తాళం వేసుకుంటూ వినొచ్చు.

కాకతీయ_కేటలాగ్:

హక్కుల సంగతి. పాట సంప్రదాయమైనా రికార్డు ఒకరి సొత్తే, వాద్యాలతో కట్టిన కూర్పు ఇంకొకరి సొత్తు. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డుకు రక్షణ 60 ఏళ్లు. విడుదలైన మరుసటి ఏడు జనవరి నుంచి లెక్క. 1964లో విడుదలైన రికార్డుకు 2024 చివరితో గడువు తీరింది.

అందరూ జారే చోటు ఒకటుంది: లెక్క రికార్డు చేసిన ఏటి నుంచి కాదు, విడుదలైన ఏటి నుంచి. 1952 నుంచి 1957 వరకు బీబీసీ మనుషుల్ని ఊళ్లకు పంపి పాటలూ యాసలూ రికార్డు చేయించింది. పీటర్ కెనెడీ, షేమస్ ఎన్నిస్ ఆ పనిలో ఉన్నవాళ్లు. 1953లో మొదలైన 'యాజ్ ఐ రోవ్డ్ ఔట్' కార్యక్రమం ఆ సేకరణ మీదే నడిచింది. అలాంటి పాట 1953లో రికార్డయి, 1998లో మొదటిసారి సీడీగా వచ్చిందంటే గడియారం 1998లో మొదలైనట్టు. భయం లేకుండా వాడదగ్గది లింకన్‌షైర్ గాయకుడు జోసెఫ్ టేలర్ పాడగా 1908లో గ్రామఫోన్ కంపెనీ అచ్చువేసిన రికార్డులు. రెండేళ్ల ముందు సంగీతకారుడు పెర్సీ గ్రేంజర్ ఆ జిల్లాలోనే మైనపు సిలిండర్ల మీద పాటలు ఎక్కించుకున్నాడు. సిలిండర్‌లో రెండు మూడు నిమిషాలకు మించి పట్టదు గనుక చరణాలు తెగిపోయి ఉంటాయి. పాట అసంపూర్తిగా ఆగితే గాయకుడికి రాక కాదని శ్రోతలకు చెప్పండి.

హక్కులున్న రికార్డుకు ప్రసార అనుమతి తీసుకున్నా, అది ఇంటర్నెట్‌లో పెట్టడానికి చెల్లదు. విడిగా అడిగి కాగితం మీద రాయించుకోవాలి.

పాటల్ని పేరుతో వెతకొద్దు, నంబరుతో వెతకండి. ఒకే పాటకు పది పేర్లుంటాయి, ఒకే పేరుతో వేరు పాటలుంటాయి. హార్వర్డ్‌లో ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 1882-98 మధ్య 305 బాలడ్లకు నంబర్లు వేశాడు. బాలడ్లు కానివాటిని కూడా కలుపుకొని స్టీవ్ రౌడ్ కట్టిన సూచిక ఇప్పుడు అందరూ వాడేది. 'లార్డ్ రాండల్' చైల్డ్ 12, రౌడ్ 10. 'బార్బరా అలెన్' చైల్డ్ 84, రౌడ్ 54. లండన్‌లో సెసిల్ షార్ప్ హౌస్‌లోని వాన్ విలియమ్స్ స్మారక గ్రంథాలయం వెబ్‌సైట్‌లో రౌడ్ నంబరు కొడితే గాయకుడి పేరు, ఊరు, ఏడు, కొన్నిటికి సేకర్త చేతిరాత పుట కూడా ఉచితంగా కనపడతాయి.

పాటల సేకర్త సెసిల్ షార్ప్ 1903లో సోమర్‌సెట్‌లోని హాంబ్రిడ్జ్‌లో తోటమాలి జాన్ ఇంగ్లండ్ దగ్గర మొదటి పాట రాసుకున్నాడు. ఆయన అచ్చు పుస్తకాల్లో పియానో జోడించి, మోటు మాటలు మార్చి వేశారు. మీ కథనం ఆ అచ్చుమాటను బట్టి రాస్తే గాయకుడు పాడింది ఒకటి, మీరు చెప్పింది ఇంకొకటి అవుతుంది. చేతిరాత పుటతో సరిచూసుకోవాలి.

ఫేడర్_కాజీపేట:

గరగర మొత్తం తీసేద్దామని చూడకుండ్రి అన్నా. ముందుగాల టక్కుటక్కుమనే చిటుకులు తీయాలె, ఆ తర్వాతనే సరసర. ఉల్టా చేస్తే చిటుకులు మసకబారి మళ్ల దొరకయి. సరసర ఒక్కపాలి 6 డెసిబెల్స్ మించొద్దు, రెండుపాలీలు కలిపి 10 దాటొద్దు. దాటిందంటే గొంతు నీళ్లల్లకెళ్లి పాడినట్టు అయితది, స, ష అక్షరాలు కరిగిపోతయి. 1908 నాటి రికార్డు కొమ్ము లాంటి గొట్టంలకు పాడింది, దానికి మైకు లేదు. 150 హెర్ట్‌జ్ కింద, 5,000 హెర్ట్‌జ్ మీద ఉన్నది చాలామటుకు రాపిడే. అక్కడ కోసేయుండ్రి.

ఫైలు స్టీరియోగా వస్తే రెండు చానెళ్లు కలిపి మోనో చేయుండ్రి. ఆ రికార్డుల సూది పక్కలకు కదులుతది, కలిపితే కిందిమీది రాపిడి కొంత దానంతట అదే పోతది. పాత రికార్డులన్నీ కచ్చితంగా నిమిషానికి 78 చుట్ల వేగంల తిరగలే. ముసలాయన గొంతు పిల్లగాని లెక్క పీలగ వినపడితే వేగం ఎక్కువైందన్నట్టు.

గేట్ (శబ్దం తగ్గంగనే మొత్తం మూసేసే సాధనం) అసలే పెట్టొద్దు. ఊపిరి తీసిన కాడ గేట్ మూసుకుంటది, వెనుక సరసర మాయమై మళ్ల వస్తది. రేడియో చెడిందని జనం అనుకునేది గందుకే. ట్రాన్స్‌మిటర్ ముందు ఉండే లెవల్ సర్దే యంత్రం ఇంకో తంటా: గొంతు ఆగంగనే సందుల ఉన్న సరసరను లేపుతది. పాటను ముందే 2:1 కంప్రెషన్‌తోని (పెద్ద శబ్దాన్ని అణిచే పద్ధతి) మెల్లగ సదును చేసి ఇస్తే ఆ యంత్రానికి పని తగ్గుతది. లౌడ్‌నెస్ మీటరు అంకె చూసి మోసపోవద్దు. అది గరగరను కూడా కలిపి కొలుస్తది గనుక పాత పాట అంకెలో సమానంగ ఉన్నా గొంతు చిన్నగ వినపడ్తది. చెవితోని చూసుకుంట 2 నుంచి 3 డెసిబెల్స్ పెంచుండ్రి.

ఖాళీగ ఉందని కింద తంబూర శ్రుతి మాత్రం కలపొద్దు. ఒంటిగ పాడేటోళ్ల శ్రుతి చరణం చరణానికి జరుగుతది, గాంధారం, నిషాదం నడిమధ్యల పలుకుతరు. శ్రుతి పెడితే ఆ సొగసే అపస్వరమైతది.

హన్మకొండ_శ్రోత:

చాలా పనికొచ్చింది. నాలుగో భాగం కాజీపేట రైల్వేవాళ్లనూ, భూపాలపల్లి, గోదావరిఖని బొగ్గుబాయి వాళ్లనూ దృష్టిలో పెట్టుకుని అనుకుంటున్నాం. బీబీసీ 'రేడియో బాలడ్స్' అందులో పెట్టొచ్చా?

రామప్ప_దారి:

పెట్టండి, కాని సంప్రదాయ పాటలని చెప్పి పెట్టొద్దు. బీబీసీ నిర్మాత చార్లెస్ పార్కర్, గాయకులు ఇవాన్ మెకాల్, పెగీ సీగర్ కలిసి 1958 నుంచి 1964 వరకు ఎనిమిది చేశారు. టేప్ రికార్డరు పట్టుకుని పనివాళ్ల దగ్గరికే వెళ్లి, వాళ్ల మాటలు రికార్డు చేసి, ఆ మాటల్లోంచి కొత్త పాటలు పాత బాణీ పద్ధతిలో కట్టారు. వ్యాఖ్యాత ఉండడు. పనివాడి మాట ఆగినచోట పాట అందుకుంటుంది. చేపల వేటగాళ్ల మీద 1960లో వచ్చిన భాగంలోని 'ది షోల్స్ ఆఫ్ హెర్రింగ్' మెకాల్ రాసిందే. ఇప్పటికీ చాలామంది దాన్ని పాతపాటగా పరిచయం చేస్తుంటారు.

మొదటిది 'ది బాలడ్ ఆఫ్ జాన్ ఆక్సన్', కాజీపేటవాళ్ల కోసమే చేసినట్టుంటుంది. 1957 ఫిబ్రవరి 9న బక్స్‌టన్ దగ్గర గూడ్సు ఇంజన్‌లో బ్రేకుకు పోయే ఆవిరి గొట్టం విరిగింది. డ్రైవర్ ఆక్సన్ దూకకుండా బండిమీదే ఉండి, ముందున్నవాళ్లను హెచ్చరిస్తూ, చాపెల్-ఎన్-లె-ఫ్రిత్ దగ్గర ముందు బండిని గుద్దుకుని చనిపోయాడు. ఆ ముందు బండి గార్డు కూడా పోయాడు. బొగ్గు మీద 1961లో 'ది బిగ్ హ్యూయర్' వచ్చింది. హ్యూయర్ అంటే బాయిలో బొగ్గు కొట్టేవాడు. దాన్ని తట్టా చెమ్మస్ (బొగ్గు ఎత్తే బుట్టా పారా) పట్టినవాళ్ల మాట పక్కన పెట్టండి.

హక్కులు ఇంకా బతికే ఉన్నాయి గనుక ఆ రికార్డులు పూర్తిగా వేయలేరు. పద్ధతి తీసుకోండి. భూపాలపల్లిలో రిటైరైన ఇద్దరు ముగ్గురి మాట ఒక్కొక్కరిది గంటకు తగ్గకుండా రికార్డు చేసి, అందులోంచి ఆరేడు నిమిషాలు ఏరి, మధ్యలో మన పాట కలపండి. ఇంటర్వ్యూలో మీ ప్రశ్న వాళ్ల జవాబు మీద పడకుండా చూసుకోండి, తర్వాత కోయడానికి వీలుండదు. కమ్యూనిటీ రేడియోలో కనీసం సగం కార్యక్రమాలు స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలన్న నిబంధనకు కూడా ఇది సరిపోతుంది.

కాకతీయ_కేటలాగ్:

ఆ రికార్డింగులు కోయకముందు అసలు ఫైలు మార్చకుండా ఒక కాపీ దాచండి. మాట్లాడినవారి పేరు, ఊరు, తేదీ, వాళ్ల ఒప్పుదల కాగితం దానితోనే ఉంచాలి. జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది, మన పాటకు పాఠాంతరాలు కావాలంటే ముందు అక్కడ అడగండి. క్యూ షీటులో (కార్యక్రమంలో వచ్చే పాటల వరస పట్టిక) ఇంగ్లండ్ పాట ఎదుట రౌడ్ నంబరు, గాయకుడు, ఊరు, రికార్డు విడుదలైన ఏడు రాయండి. మన పాట ఎదుట పాడినామె పేరూ ఊరూ అంతే శ్రద్ధగా రాయండి, ప్రసారంలో కూడా చదవండి.