సంస్థానం జీతం తిన్న కవిని స్వతంత్రుడనవచ్చునా?

విజయనగరం నుంచి ఒక పాఠకుడు:
మా ఊరి గురజాడ జయంతి సభలో ఒక వక్త, 'ఇమ్మనుజేశ్వరాధములకు' అంటూ భాగవతాన్ని రాజులకు ఇవ్వనన్న పోతనే స్వతంత్ర కవి అనీ, విజయనగరం మహారాజు ఆనందగజపతి కొలువులో ఉన్న గురజాడకు ఆ వరుసలో చోటు లేదనీ తేల్చేశారు. ఈ తీర్పు సబబేనా?

బొబ్బిలి నుంచి ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకుడు:
సబబు కాదు. కవి ఎవరి జీతం తీసుకున్నాడన్నది కాదు, ఆ జీతం అతని చేత ఏం రాయించింది, ఏం రాయనివ్వలేదు అన్నది చూడాలి. 1897లో అచ్చయిన కన్యాశుల్కం మొదటి కూర్పు ఆనందగజపతికే అంకితం. మహారాజు నాటి విశాఖపట్నం జిల్లాలో (విజయనగరం అప్పుడు అందులోదే) మూడేళ్లలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితా తయారు చేయించారనీ, అవి 1,034 అని తేలాయనీ, ఆ పెళ్లికూతుళ్లలో 99 మంది అయిదేళ్లవాళ్లనీ, ముగ్గురు ఏడాది పసికందులనీ గురజాడ ఆ పీఠికలోనే రాశారు. సంస్థానం అండ లేనిదే అటువంటి జాబితా ఒక కాలేజీ అధ్యాపకుడి చేతికి అందేది కాదు.

కొలువుకు దూరంగా ఉన్నంత మాత్రాన గొంతు భద్రంగా ఉంటుందనీ లేదు. రోము కవి ఓవిడ్‌ను క్రీ.శ. 8లో చక్రవర్తి అగస్టస్ నల్లసముద్రపు ఒడ్డున ఉన్న తోమిస్‌కు వెళ్లగొడితే, అక్కడ ఆయన రాసిన పద్యాల్లో చాలావాటి సారాంశం తన శిక్ష తగ్గించమన్న వేడుకోలే. ఉర్దూ కవి గాలిబ్ సంగతి వేరు. పింఛను కోసం కలకత్తా దాకా వెళ్లి కంపెనీ దొరల చుట్టూ తిరిగిన ఆయనకు, 1850లో బహదూర్ షా జఫర్ మొఘలుల చరిత్ర రాసే పని అప్పగించి నెలకు 50 రూపాయలు ఏర్పాటు చేశాడు. ఆ చరిత్రను నేడు తిరగేసేవారు అరుదు. గజళ్లేమో జనం నోళ్లలో ఉన్నాయి. పాదుషా జీతం కొనగలిగింది చరిత్రనే.

టెక్కలి నుంచి ఒక పాఠకురాలు:
మాస్టారూ, మీరు చెప్పిన ఆ 1,034ను నేను మరో వైపు నుంచి చదువుతాను. ఆ జాబితా వల్ల మహారాజుకు వచ్చే నష్టమేమీ లేదు, తలవంపులన్నీ అగ్రహారాలవే. శిస్తు కట్టలేక ఎడ్లను అమ్ముకున్న రైతుల జాబితా ఇప్పించమని ఏ ఆస్థాన కవి అడగగలడు? మా ప్రాంతంలో విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి గుడిలో అర్చకత్వం చేసుకుంటూ, జముకుల కథ కట్టి ఆ రైతు గోడునే పాడారు. 1969 డిసెంబరులో పోలీసు తూటాలకు బలయ్యారు. స్వతంత్రానికి ఆయన చెల్లించిన వెలను కూడా ఈ చర్చలో లెక్కవేయాలి.

బొబ్బిలి అధ్యాపకుడు:
అమ్మా, ఆ వెలను నేను తక్కువ చేయను. కానీ ఆనందగజపతి 1897లోనే కన్నుమూశారు. ఆయన సోదరి రీవా మహారాణి దగ్గర పని చేస్తూనే గురజాడ నాటకాన్ని దాదాపు కొత్తగా రాసి 1909లో వెలువరించారు. మధురవాణి అంతటి మనిషిగా ఎదిగింది ఆ కూర్పులోనే. అందులో హెడ్డు కానిస్టేబులూ, వకీళ్లూ, దొంగసాక్షులూ అందరూ నవ్వులపాలవుతారు, సంస్థానం దివాను మాత్రం ఎక్కడా కనిపించడు. మీ అభ్యంతరం ఆ దివాను దగ్గర నిలుస్తుంది; సభలో వక్త చేసినట్టు గురజాడను మొత్తంగా కొట్టిపారేయడానికి మాత్రం అది చాలదు.