పాపకు డౌన్ సిండ్రోమ్ అన్నారు, మేనరికం వల్లేనా?

దేవరకొండ నుంచి ఒక తండ్రి:
మా పాపకు మూడో నెల. పాలు తాగుతూ మధ్యలోనే అలసిపోతుంది, ఎత్తుకుంటే ఒళ్లు మెత్తగా జారిపోతుంది. రక్త పరీక్ష చేసి డౌన్ సిండ్రోమ్ అని కాగితం చేతిలో పెట్టారు, వివరంగా ఏమీ చెప్పలేదు. నా భార్య మా మేనమామ కూతురు. మేనరికం వల్లే ఇలా అయిందని బంధువులు ఆమె ముందే అంటున్నారు. నిజమేనా? ముందుగా ఏం చేయాలి?

మహబూబ్‌నగర్ నుంచి ఒక తల్లి:
తమ్ముడూ, మేనరికానికి, దీనికి ముడిపెట్టకండి. కణాల్లో జన్యువులుండే పోగుల్ని క్రోమోజోమ్‌లంటారు, వాటిలో 21వది రెండు ఉండాల్సిన చోట మూడు ఉండటమే ఈ స్థితి. ఎక్కువగా అండం తయారయ్యేటప్పుడు యాదృచ్ఛికంగా జరుగుతుంది. తల్లి వయసు పెరిగేకొద్దీ అవకాశం పెరుగుతుంది కానీ, నాకు బాబు పుట్టినప్పుడు 22 ఏళ్లే. మాది మేనరికమూ కాదు. అందుకని మా వాళ్లు గ్రహణం మీదికి నెట్టారు!

వాళ్ల మాటలు పక్కన పెట్టండి. పాలు తాగుతూ అలసిపోతుందన్నారే, నా మనసు అక్కడే ఆగింది. ఎకో, అదే గుండె స్కానింగ్, తీయించారా? ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండె లోపం ఉంటుంది. డాక్టరు స్టెతస్కోపు పెట్టి బాగానే ఉందన్నా సరే, ఎకో తీయించాల్సిందే. కొన్ని పెద్ద రంధ్రాలకు ఆరు నెలల లోపే ఆపరేషన్ అవసరమవుతుంది. నాట్లు అయ్యాక చూద్దామని ఆగకండి. పిల్లల గుండె ఆపరేషన్లు ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. థైరాయిడ్, వినికిడి, కంటి పరీక్షలు కూడా అడిగి చేయించండి. థైరాయిడ్ ఒకసారితో అయిపోదు, ఏటా చూడాలి.

మా వాడు ఆలస్యంగా కూర్చున్నాడు, ఇంకా ఆలస్యంగా నడిచాడు. ఇప్పుడు బస్టాండులో బోర్డు చూసి నారాయణపేట బస్సేదో, జడ్చర్ల బస్సేదో నాకే చెబుతాడు.

నాగర్‌కర్నూల్ అంగన్‌వాడీ టీచర్:
అన్నా, పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఈ స్థితి కూడా ఉంది. మీ అంగన్‌వాడీకి ఆ బృందం వచ్చినప్పుడు పాపను చూపించండి, పైఆసుపత్రికి రాసిస్తారు. ఫిజియోథెరపీ ఇప్పుడే మొదలుపెట్టాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ (ఎన్ఐఈపీఐడీ) ఉంది. పసిపిల్లలకు ఏ వ్యాయామం ఎలా చేయించాలో తల్లిదండ్రులకు అక్కడ నేర్పిస్తారు. బడి వయసు వచ్చాక ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రం సంగతి కనుక్కోండి. వైకల్య ధ్రువపత్రం, మనవాళ్లు సదరం అనేది, తీసి పెట్టుకుంటే పింఛను దరఖాస్తుకు పనికొస్తుంది. కేంద్ర ప్రభుత్వ నిరామయ బీమాలో లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు వస్తుంది, దానికీ అదే అడుగుతారు.

దేవరకొండ తండ్రి:
అక్కా, ఎకోకు సోమవారం రమ్మన్నారు. కాగితం మీద '47, ఎక్స్ఎక్స్, +21' అని ఉంది. మేమిద్దరం కూడా పరీక్ష చేయించుకోవాలా?

మహబూబ్‌నగర్ తల్లి:
అవసరం లేదు. అలా ఉంటే మామూలు రకమే, ఎక్కువ మందిలో కనిపించేది. ట్రాన్స్‌లొకేషన్, అంటే అదనపు 21వ క్రోమోజోమ్ వేరే క్రోమోజోమ్‌కు అతుక్కుని ఉండటం, అని ఉంటే మాత్రం తల్లిదండ్రులిద్దరి రక్తం చూస్తారు, ఎందుకంటే అది కొన్నిసార్లు వంశపారంపర్యంగా వస్తుంది. మళ్లీ బిడ్డ కావాలనుకున్నప్పుడు ఈ కాగితమే డాక్టరుకు చూపించండి, భద్రంగా ఉంచండి. సోమవారం వరకూ పాలు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పట్టమనండి. పెదవులు నీలంగా మారినా, ఊపిరి ఎగశ్వాసగా ఉన్నా సోమవారం దాకా ఆగవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.