‘కర్ణుడీల్గె నార్గురిచేతన్’: ఈ ఆరుగురి లెక్క నిలుస్తుందా?

పర్వపాఠి:
అర్జునుడితో కృష్ణుడు అన్నట్టున్న ఈ చాటుపద్యం అందరికీ తెలిసిందే. కర్ణుణ్ణి చంపింది నువ్వొక్కడివే కాదు. నేను, వరమడిగిన కుంతి, ఇంద్రుడు, భూమి, పరశురాముడు కూడా అని. వీళ్లలో సగంమంది పేర్లు కర్ణుడి సొంత నిర్ణయాలను కప్పిపుచ్చుతున్నాయని నా వాదన. కాదంటే పర్వం చెప్పి మాట్లాడండి, సినిమా డైలాగులు వద్దు.

రాధేయపక్షం:
ముందు ఇంద్రుడి సంగతి తేల్చండి. కవచకుండలాలు ఉన్నంతవరకు చావు లేదని సూర్యుడు కలలో కనిపించి మరీ చెప్పాడు. బ్రాహ్మణవేషంలో వచ్చి అవి పట్టుకుపోయాక ఇక సమయుద్ధం ఎక్కడిది?

పర్వపాఠి:
ఆ కవచం ఒంటిమీద ఉండగానే ఘోషయాత్రలో గంధర్వులు రథం ముక్కలు చేస్తే, వికర్ణుడి రథమెక్కి తప్పుకున్నాడు. బందీ అయిన దుర్యోధనుణ్ణి విడిపించింది పాండవులు.

రాధేయపక్షం:
ఓడటం వేరు, చావడం వేరండీ. పద్యం చెప్పేది చావు గురించి.

తుంగభద్ర:
ఆ మాట నిజమే. కానీ ఇంద్రుడు ఊరికే పట్టుకుపోలేదు, బదులుగా శక్తి అనే ఆయుధం ఇచ్చాడు. ఒక్కసారే పనిచేస్తుంది, వేసినవాణ్ణి చంపి తీరుతుంది. అది అర్జునుడి కోసమే కర్ణుడు దాచాడు. మరి మొదటి 10 రోజులు ఎక్కడున్నాడు? భీష్ముడు తనను అర్ధరథుడు, అంటే సగం యోధుడన్నాడని అలిగి, ఆయన పడేదాకా ఆయుధం పట్టనన్నాడు. 18 రోజుల యుద్ధంలో సగానికి పైగా శక్తి శిబిరంలోనే ఉండిపోయింది! ఆ 10 రోజుల్లో అర్జునుడు ఎన్నిసార్లు ఎదురుపడి ఉండేవాడో. తర్వాత 14వ రోజు రాత్రి ఘటోత్కచుడు సైన్యాన్ని తొక్కేస్తుంటే, కౌరవులంతా మొత్తుకోగా వాడిమీద వేయాల్సి వచ్చింది. ఇందులో కృష్ణుడి పాత్రా ఉంది. అర్జునుడి మీద వేయకుండా కర్ణుణ్ణి మాయలో ఉంచింది తానేనని సాత్యకితో ఆయనే చెబుతాడు. కనుక కృష్ణుడి పేరు ఉండాల్సిందే. భీష్ముడి మీద అలక మాత్రం ఎవరి ఖాతాలో వేద్దాం?

మల్లెపందిరి:
కుంతి పేరు తీసేయొచ్చు. అర్జునుడు తప్ప మిగతా నలుగుర్ని చంపనని మాటిచ్చాడు, నిలబెట్టుకున్నాడు. అక్కడ వంక పెట్టేదేం లేదు. కానీ చంపనన్నాడు గానీ పట్టుకోనని అనలేదు కదా? 17వ రోజు ధర్మరాజు కర్ణుడి చేతికి చిక్కాడు. కట్టి తెస్తే యుద్ధం ఆ పూటకే తేలిపోయేది. ద్రోణుడు అన్ని రోజులు పాటుపడిందీ దానికే. ఎత్తిపొడిచి వదిలేశాడు.

రాధేయపక్షం:
తల్లికిచ్చిన మాటలో ఇలా సందులు వెతకనందుకే అతణ్ణి కర్ణుడంటారు.

పర్వపాఠి:
ఆ పట్టుదలే నాగాస్త్రం దగ్గర కొంప ముంచింది. ‘ఇది మెడకు తగలదు, మళ్లీ సంధించు’ అని శల్యుడు ముందే చెప్పాడు. కర్ణుడు రెండుసార్లు సంధించడని జవాబు. కృష్ణుడు రథాన్ని నేలలోకి అణచాడు, కిరీటం పోయింది, తల దక్కింది. ఆ శల్యుణ్ణి సారథిగా ఏరికోరి అడిగిందీ ఇతనే. కృష్ణుడికి దీటైన సారథి కావాలన్నాడు. దొరికాక సలహా వినలేదు.

తుంగభద్ర:
రథచక్రం కుంగినప్పుడు కర్ణుడు ధర్మం గుర్తుచేస్తే కృష్ణుడు జూదసభ సంగతి ఎత్తాడుగా. వికర్ణుడు అడ్డు చెబితే వాణ్ణి కసిరి, ద్రౌపది వలువలు లాగమన్నది కర్ణుడే. పాండవుల్ని అన్న పరుషాలకు బాధపడుతున్నానని ఉద్యోగపర్వంలో కృష్ణుడితోనే ఒప్పుకున్నాడు కూడా.

మల్లెపందిరి:
అయితే భీష్ముణ్ణీ, శల్యుణ్ణీ, కర్ణుణ్ణీ కూడా చేర్చాలి. కందం చాలదు, సీసం ఎత్తుకోవాల్సిందే.