అప్‌డేట్: జిమ్మర్‌మాన్ గారి జ్ఞాపకార్థం అల్లిక

పేరున్న అల్లికల డిజైనర్ ఎలిజబెత్ జిమ్మర్‌మాన్ పేరున అందరం కలిసి అల్లాలనుంది, హైదరాబాద్ ఎండలకు ఏ డిజైన్ నయం అని అడిగాను కదా. ఎక్కువమంది చెప్పినట్టే ఆవిడ 1968లో రూపొందించిన బేబీ సర్‌ప్రైజ్ జాకెట్ ఎంచుకున్నాం. ఊలు వద్దనుకుని సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో కాటన్ దారం కొన్నాం. కాటన్ సాగదు, వేళ్లు పీకేశాయి, అది వేరే సంగతి.

ఆదివారం పొద్దున్నే ఇందిరా పార్కులో చెట్టు కింద కూర్చున్నాం. 160 కుట్లతో మొదలు. రెండు చోట్ల వరస విడిచి వరస కుట్లు తగ్గించుకుంటూ పోయి, తర్వాత పెంచాలి. సగంలో చూస్తే నలిగిన గోనెసంచే. "ఇది చొక్కా ఎలా అవుతుందే?" అని మా పెద్దమ్మ ఒకటే నవ్వు. సూది మీంచి దించాక మూలలు పట్టుకుని మడిచి చూపించాను. చేతులు, మెడ, ముందు భాగం అన్నీ వచ్చేశాయి! భుజాల దగ్గర రెండు వైపులా కలిపి కుట్టేస్తే చాలు. పెద్దమ్మ దాన్ని లాక్కుని, విప్పి, మళ్లీ తనే మడిచి చూసుకుంది.

జిమ్మర్‌మాన్ గారు పోయింది 1999 నవంబర్ 30న. ఈసారి ఆ తేదీకి ఆవిడదే గుండ్రటి 'పై' (లెక్కల్లో వచ్చే π) శాలువా అల్లాలనుకుంటున్నాం. మధ్య నుంచి దూరం రెట్టింపైనప్పుడల్లా కుట్లూ రెట్టింపు చెయ్యడమే దాని కిటుకు. కాటన్‌తో అల్లినవాళ్లుంటే ఏ నంబర్ సూదులు వాడారో చెప్పండి.