ఫ్రీ జైడెకో పండక్కి ఇంటి నుంచి పులిహోర పట్టుకెళ్తే తప్పా?

బాటసారి_హ్యూస్టన్:
అక్టోబర్‌లో లూసియానాలోని లాఫయెట్ వెళ్లొచ్చాం. హ్యూస్టన్ నుంచి ఐ-10 మీద మూడున్నర గంటలు. ఫెస్టివల్స్ అకేడియన్స్ ఎ క్రియోల్స్ అనే సంగీతం పండగ గురించి తెలియనివాళ్లకి: జిరార్డ్ పార్కులో జరుగుతుంది, టికెట్ లేదు. ఓ స్టేజీ మీద ఫిడేలు, అకార్డియన్‌తో అక్కడి ఫ్రెంచి సంతతి కేజన్ల వాల్ట్జ్, ఇంకో స్టేజీ మీద నల్లజాతి క్రియోల్ వాళ్ల సంగీతం జైడెకో. ముడతల రేకుని జాకెట్‌లా భుజాలకి తగిలించుకుని, సీసా ఓపెనర్లతో గీకుతుంటారు. ఫ్రొత్వార్ అంటారు దాన్ని. మొదటి పాటకి నాకు పళ్లు జివ్వుమన్నాయి. మూడో పాటకి కాలు ఆగలేదు.

గొడవేంటంటే, ఐస్ చెస్టులు (తిండి, డ్రింక్స్ చల్లగా ఉంచే పెట్టెలు) లోపలికి తేవద్దన్నది అక్కడి నియమం. మాతో వచ్చిన ఓ కుటుంబం చిన్న ఐస్ చెస్టుని స్ట్రోలర్ కింద పెట్టి, పైన తువాలు కప్పి తెచ్చేశారు. పులిహోర, పెరుగన్నం, డజను కోక్ డబ్బాలు. రెండు రోజుల్లో పండగలో వాళ్లు పెట్టిన ఖర్చు సున్నా, పైగా వచ్చేటప్పుడు దారంతా అదే గొప్పగా చెప్పుకున్నారు. నాకు మాత్రం సిగ్గేసింది. పాటలు ఫ్రీగా విని, నీళ్లు కూడా కొనకుండా వచ్చేయడం సబబేనా?

పైసా_వసూల్:
ఇందులో సిగ్గెందుకు బ్రో? ఫ్రీ అని వాళ్లే పిలిచారు. స్పాన్సర్లుంటారు. హోటల్‌కి, పెట్రోలుకి మీరు పెట్టిందంతా ఆ ఊరికేగా పోయింది? పండగ రోజుల్లో హోటళ్ల రేట్లు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. ఎవరో వచ్చి ‘నువ్వు చాలినంత తినలేదు’ అంటే అది ఫ్రీ ఎలా అవుతుంది?

పప్పన్నం:
నాది శాకాహారుల గోడు. గంబో అనే పులుసులో కోడి, సాసేజ్. ఎటూఫే అనే కూరలో క్రాఫిష్, అంటే రొయ్యల్లాంటివి. బూడాన్ అంటే అన్నం కూరిన పంది సాసేజ్. పోనీ ‘రెడ్ బీన్స్ అండ్ రైస్’ అని కనపడితే, రాజ్మా అన్నమే కదా అని ఆశగా తీసుకున్నా. రెండో ముద్దలో పొగబెట్టిన సాసేజ్ ముక్క తగిలింది. మిగతా రోజంతా ఫ్రైస్, నిమ్మరసం. పిల్లలున్నవాళ్లు పులిహోర తెచ్చుకుంటే నేనైతే తప్పు పట్టను.

అన్నట్టు, జైడెకో అన్న పేరు ‘లెజారికో’, అంటే చిక్కుళ్లు అన్న ఫ్రెంచి మాట నుంచి వచ్చిందని ఎక్కువమంది చెప్పేది. ‘చిక్కుళ్లలో ఉప్పు లేదు’ అని ఓ పాత పాట మాట. ఉప్పు మాంసం వేసుకోవడానికి కూడా లేని రోజులన్నమాట. ఆ లెక్కన ఆ పండగలో అసలైన జైడెకో భోజనం నాదే!

లాఫయెట్_అక్క:
ఈ ఊళ్లో ఎనిమిదేళ్లుగా ఉంటున్నాను. ఏప్రిల్‌లో డౌన్‌టౌన్‌లో జరిగే ఫెస్టివల్ ఇంటర్నేషనల్‌లో రెండుసార్లు డ్రింక్స్ కౌంటర్ దగ్గర వాలంటీర్‌గా నిలబడ్డాను కూడా. 1987 నుంచి నడుస్తోంది, దానికీ టికెట్ లేదు. పైసా_వసూల్ తమ్ముడూ, స్పాన్సర్లున్న మాట నిజమే. కానీ ఆ కౌంటర్ల మీద వచ్చే డబ్బు, ఏటా అమ్మే పండగ పిన్నుల (చొక్కాకి పెట్టుకునే బిళ్లలు) డబ్బు కలిస్తేనే మళ్లీ ఏడాది పండగ. ఐస్ చెస్టులు వద్దనేది అందుకే. మన ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో కచేరీకి టికెట్ ఉంటుందా? అలాగని చందా పుస్తకం ఇంటికి రాకుండా ఉంటుందా? ఇక్కడ ఆ పుస్తకం నిమ్మరసం గ్లాసు రూపంలో వస్తుంది.

ఇంకో మాట. మీరు వెళ్లొచ్చిన అక్టోబర్ పండగ టూరిస్టుల కోసం పుట్టలేదు. 1921 రాష్ట్ర రాజ్యాంగంతో లూసియానా బడుల్లో ఇంగ్లిష్ ఒక్కటే అన్నారు. ఫ్రెంచి మాట్లాడిన పిల్లలు దెబ్బలు తిన్నారు. ఆ భాషలో పాటలంటే సొంత మనవలే మొహం తిప్పుకునే కాలం వచ్చింది. 1974 మార్చి 26న బ్లాక్‌హామ్ కొలీజియంలో కేజన్ సంగీతానికి సన్మానంగా ఒక కచేరీ పెట్టారు, ఇప్పటి అక్టోబర్ పండగకి మూలం అదే. గేటు దగ్గర టికెట్ పెడితే ముందు ఆగిపోయేది మనం కాదు, ఊళ్లో పెన్షన్ మీద బతికే ముసలివాళ్లు.

మరొకటి, కేజన్, జైడెకో ఒకటే అనుకోకండి. కేజన్లు 1755 నుంచి ఆంగ్లేయులు అకేడియా (ఇప్పటి కెనడా తూర్పు తీరం వైపు) నుంచి వెళ్లగొట్టిన ఫ్రెంచివాళ్ల సంతతి. జైడెకో నల్లజాతి క్రియోల్ వాళ్లది, బ్లూస్ కలిసిన సంగీతం. దాన్ని ఊరు దాటించినవాడు ఒపెలూసస్ దగ్గర పుట్టిన క్లిఫ్టన్ షెనియే.

పైసా_వసూల్:
అక్కా, చందా పోలిక బాగుంది కానీ ఒప్పుకోను. చందా ఊరివాళ్లు ఇస్తారు, దారినపోయేవాడు ప్రసాదం తిని వెళ్తాడు. అతిథిని లెక్క అడుగుతామా? తువాలు కప్పి తేవడం మాత్రం తప్పే. వద్దన్నది వద్దన్నట్టే.

తకధిమి:
డబ్బు సంగతి మీరు తేల్చుకోండి. నాకు ఒళ్లు మండేది ఫోన్లు. స్టేజీ ముందు ఖాళీ జాగా కనపడగానే మనవాళ్లు అక్కడ నిలబడి ఇరవై నిమిషాలు వీడియో తీస్తారు. అది నాట్యం చేసేవాళ్ల జాగా అండీ! పోయినసారి నేనూ ఫోన్ పట్టుకుని నిలబడితే, డెబ్బై ఏళ్లుంటాయేమో, ఓ పెద్దావిడ వచ్చి నా ఫోన్‌ని నా జేబులోనే పెట్టి చెయ్యి పట్టుకుంది. వాల్ట్జ్ అంటే తకిట తకిట. అది ఫర్వాలేదు. టూ-స్టెప్ మొదలయ్యేసరికి ఆవిడ బూటు మూడుసార్లు తొక్కాను. నవ్వి, నా భుజం మీద వేళ్లతో తాళం కొట్టింది. అప్పుడు దొరికింది అడుగు.

ఖర్చు పెట్టాలనుంటే బ్యాండు వాళ్ల సీడీ కొనండి, టీషర్ట్ కొనండి. శనివారం పొద్దున్నే లూసియానాలోనే ఉన్న యూనిస్ ఊళ్లో సావోయ్ మ్యూజిక్ సెంటర్‌కి కూడా వెళ్లండి. అకార్డియన్లు తయారుచేసే మార్క్ సావోయ్ దుకాణం, లోపల అందరూ గుండ్రంగా కూర్చుని వాయిస్తారు. నేను వెళ్లినప్పుడు ఎవరో బూడాన్ పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టారు. టికెట్ లేదు, చందా డబ్బా లేదు. అక్కడికి మాత్రం చేతులూపుకుంటూ వెళ్లడానికి నాకు మొహం చెల్లలేదు, కుకీలు పట్టుకెళ్లా.

బాటసారి_హ్యూస్టన్:
అందరికీ థాంక్సండీ. పప్పన్నం గారూ, పిల్లల డబ్బాలో పులిహోరకి నాకూ అభ్యంతరం లేదు. నా బాధ కోక్ డబ్బాల గురించి. నేను కూడా రెండు తాగాను, అది ముందు చెప్పలేదు. ఏప్రిల్‌లో డౌన్‌టౌన్ పండక్కి మళ్లీ వెళ్తున్నాం, పిన్ను నలుగురికీ కొంటాను. కార్లో ఒక సీటు ఖాళీ ఉంది, డిక్కీలో ఐస్ చెస్టుకి మాత్రం చోటు లేదు.