కార్డు మీద 'పర్చేజ్ ప్రొటెక్షన్' ఉందంటే డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న (ఉప్పల్ నుంచి):
నమస్కారం. ఇంట్లో ఒకేసారి రెండు తలనొప్పులు. ప్రకటన చూసి ఒక వెబ్‌సైట్‌లో లాప్‌టాప్ తెప్పించాను, 62,400 రూపాయలు, క్రెడిట్ కార్డు మీద. 16 జీబీ ర్యామ్ అన్నారు, విప్పి చూస్తే 8 ఉంది. అమ్మినవాళ్లు రెండ్రోజులు 'చూస్తాం సార్' అని, ఇప్పుడు ఫోనే ఎత్తట్లేదు. ఈలోపు మా చెల్లెలి కొత్త ఫోన్, కొని ఇరవై రోజులు కాలేదు, అమీర్‌పేట మెట్రో మెట్ల మీద రద్దీలో బ్యాగు జిప్పు తీసి కొట్టేశారు. అదీ నా కార్డు మీదే కొన్నాం. కార్డుతో వచ్చిన పుస్తకంలో 'పర్చేజ్ ప్రొటెక్షన్' అని ఉంది. డాలస్‌లో ఉండే మా బావ 'బ్యాంకుకి ఒక్క ఫోన్ కొట్టు, వాళ్లే చూసుకుంటారు' అంటున్నాడు. నిజమేనా?

జవాబు (తార్నాక నుంచి, కార్డుల డిస్ప్యూట్ విభాగంలో తొమ్మిదేళ్లు చేశాను):
మీ బావగారు చెప్పింది ఆయన ఊరికి సరిపోతుంది. అక్కడ 1974 నుంచీ దీనికంటూ ఒక చట్టం ఉంది, స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్తే బ్యాంకు విచారించి తీరాలి. మనకు అచ్చం అలాంటిది లేదు. ఇక్కడ నడిచేది వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వాళ్ల నిబంధనలు, వాటిపైన ఆర్‌బీఐ ఆదేశాలు.

మీ రెండు కేసులూ వేర్వేరు. పుస్తకంలో ఉన్న పర్చేజ్ ప్రొటెక్షన్ అనేది ఇన్సూరెన్స్. కొన్న వస్తువు ఇన్ని రోజుల్లోపు దొంగతనానికి గురైనా, అగ్నిప్రమాదంలో పోయినా డబ్బిస్తామనే కవర్. అది చెల్లెలి ఫోన్‌కి పనికిరావచ్చు. కొన్ని కార్డుల్లో మొబైళ్లకీ నగలకీ అసలు వర్తించదు, కాబట్టి ముందు మినహాయింపుల పేజీ చదవండి. ఆ పేజీ చదివినవాళ్లని నా సర్వీసులో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

లాప్‌టాప్‌కి ఇన్సూరెన్స్‌తో సంబంధం లేదు. దానికి బ్యాంకులో డిస్ప్యూట్ (అభ్యంతరం) వేసి ఛార్జ్‌బ్యాక్ అడగాలి. అంటే మీ బ్యాంకు, అమ్మినవాళ్ల బ్యాంకు నుంచి ఆ సొమ్ము వెనక్కి లాగడం. వీసా, మాస్టర్‌కార్డ్‌లలో మామూలుగా 120 రోజుల గడువు ఉంటుంది. కానీ మీ బ్యాంకు తన నిబంధనల్లో ఇంకా తక్కువ పెట్టి ఉండొచ్చు, ఆలస్యం చేయకండి. ముందుగా అమ్మినవాళ్లకి మెయిల్ పెట్టండి: 'మీరు చెప్పిన వస్తువు ఇది కాదు, వాపసు తీసుకుని డబ్బివ్వండి' అని. తిరిగి ఇవ్వడానికి ప్రయత్నించినట్టు రుజువు లేకపోతే కేసు అక్కడే నీరుగారిపోతుంది. వెబ్‌సైట్‌లో ఆ ప్రోడక్ట్ పేజీ స్క్రీన్‌షాట్ ఇప్పుడే తీసుకోండి, రేపటికి మార్చేస్తారు. లాప్‌టాప్ వాడటం ఆపేయండి.

ఇంకోటి, టెంపరరీ క్రెడిట్, అంటే కేసు తేలేదాకా బ్యాంకు తాత్కాలికంగా వేసే సొమ్ము, పడగానే పండగ చేసుకోకండి. అవతలివాళ్లు డెలివరీ రసీదు, ఇన్వాయిస్ పెట్టి ఎదురు వాదిస్తే అది మళ్లీ డెబిట్ అవుతుంది.

జవాబు (మల్కాజిగిరి నుంచి):
మా తమ్మునికి గిట్లనే అయింది. వేరే సామాను పంపిన్రు. వాడు కోపంల కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి 'ఫ్రాడ్ అయింది' అన్నడు. వాళ్లు వెంటనే కార్డు బ్లాక్ చేసిన్రు. కరెంటు బిల్లు, ఇన్సూరెన్సు ఆటోపేలు అన్నీ ఫెయిల్. నెల తర్వాత 'ఓటీపీ మీరే కొట్టిన్రు కదా, ఇది ఫ్రాడ్ కాదు' అని కేసు మూసేసిన్రు. ఫోన్‌ల ఏం మాట్లాడుతున్నమో చూసుకోవాలె.

జవాబు (తార్నాక):
సరిగ్గా ఇదే. మీకు తెలియకుండా కార్డు వాడితే ఫ్రాడ్, దానికి సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్, మూడు పనిదినాల్లో బ్యాంకుకి చెప్పడం, ఇవన్నీ. మీరే కొని మోసపోతే 'చెప్పిన వస్తువు రాలేదు' అనే కారణంతో డిస్ప్యూట్ వేయాలి. డిస్ప్యూట్ ఫారంలో ఒక్క టిక్కు తప్పితే అంతా పోతుంది.

ప్రశ్న వేసినవారు:
లాప్‌టాప్ ఈఎంఐలో ఉంది. కట్టడం ఆపేయనా?

జవాబు (తార్నాక):
ఆపకండి! ఆ మొత్తం పక్కన పెట్టామని బ్యాంకు రాసిచ్చేదాకా కడుతూ ఉండండి. లేకపోతే లేట్ ఫీజు, వడ్డీ, సిబిల్ దెబ్బ, మూడూ మీవే. గెలిస్తే కట్టినది వెనక్కొస్తుంది, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం చాలాసార్లు రాదు.

జవాబు (ఎల్బీనగర్ నుంచి, లాయరు):
బిల్లు మీద అభ్యంతరం చెప్తే కార్డు బ్యాంకు 30 రోజుల్లోపు వివరణ ఇవ్వాలి. ఇవ్వకపోయినా, తృప్తికరంగా లేకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో, ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. అమ్మినవాళ్ల మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వాళ్ల గ్రీవెన్స్ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో తేల్చాలి. వాళ్లు ఏ ఢిల్లీలో ఉన్నా సరే, మీరుండే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. బిల్లు మీద 'వాపసు లేదు' అని అచ్చువేసినా లోపమున్న వస్తువు తీసుకోననడం చెల్లదు. కోఠిలో సగం దుకాణాలు ఆ ముద్ర కొడతాయి, అది వేరే సంగతి.

ప్రశ్న వేసినవారు (ఐదు వారాల తర్వాత):
లాప్‌టాప్ డబ్బు టెంపరరీగా పడింది, ముట్టుకోలేదు. ఫోన్ క్లెయిమ్ మాత్రం తిరస్కరించారు. స్టేషన్‌లో 'ఫోన్ పోయింది' అని కాగితం రాసిచ్చారు, ఇన్సూరెన్స్ వాళ్లు పోగొట్టుకున్నదానికి కవర్ లేదంటున్నారు.

జవాబు (ఎల్బీనగర్):
అక్కడే చాలామంది దెబ్బతింటారు. జిప్పు తీసి ఉందనీ, మెట్రో సీసీటీవీ చూడమనీ రాసి మళ్లీ ఫిర్యాదు ఇవ్వండి. దొంగతనం కింద, అంటే భారతీయ న్యాయ సంహిత 303 సెక్షన్ కింద ఎఫ్‌ఐఆర్ అడగండి. కాపీతో క్లెయిమ్ మళ్లీ తెరవమని మెయిల్ పెట్టండి. ఫోన్ ఐఎంఈఐ నంబరును (ప్రతి ఫోన్‌కీ ఉండే గుర్తింపు సంఖ్య) సీఈఐఆర్‌లో, అంటే పోయిన ఫోన్లను బ్లాక్ చేసే ప్రభుత్వ పోర్టల్‌లో, బ్లాక్ చేశారా?

ప్రశ్న వేసినవారు:
చేశాం అండి. రేపు పొద్దున్నే స్టేషన్‌కి వెళ్తున్నా, చెల్లెల్ని కూడా తీసుకెళ్తా. ఆ బ్యాగు కూడా.