చుక్క చచ్చిపోతుందా, కొండెక్కుతుందా?

వనస్థలిపురంలో మా కాలనీ లైబ్రరీ గోడపత్రికకి జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు తీసిన ఫొటో ఒకటి పెడుతున్నాం. 2022 జులైలో విడుదలైన సదరన్ రింగ్ నెబ్యులా, అంటే ఒక నక్షత్రం చుట్టూ పరుచుకున్న వాయువు, ధూళి మేఘం. కింద వ్యాఖ్య రాయడం నా వంతు. అందరూ ‘మరణిస్తున్న నక్షత్రం’ అంటున్నారు. నాకేమో ఆ మాట వింటే ఆస్పత్రి మంచం గుర్తొస్తోంది. మన మాట ఏదైనా ఉందా? చదివేది నౌబత్ పహాడ్ ప్లానెటోరియం చూసొచ్చిన పిల్లలే.

— ‘చుక్క రాలింది’ అంటాం కదండీ.

— అది ఉల్క. చిన్న రాయి మన గాలిలో మండిపోవడం. ఇది సూర్యుడి జాతి నక్షత్రం. లోపలి ఇంధనం అయిపోయి, ఉబ్బి, పై పొరల్ని వదిలేసింది. ఫొటోలో ఉంగరంలా కనబడేది ఆ పొరలే.

— అన్నా, మా నాయనమ్మ ముంగట దీపం ఆరింది అంటే తిట్టేది. ‘కొండెక్కింది’ అనాలె. చుక్కకు గూడ గదే పెట్టు. సామెత గూడ ఉంది, ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ.

— సామెత ఇక్కడ తిరగబడుతుంది. ఆ నెబ్యులా మధ్యలో రెండు నక్షత్రాలున్నాయి. ధగధగలాడేది పోతున్నది కాదు, దాని జంట. పక్కన మినుకుమంటున్నదే ఇన్ని పొరలూ వదిలింది. వెబ్ తీసిన రెండు ఫొటోల్లో ఒకదాంట్లో అది జంట వెలుగు చాటున పడిపోయింది. మధ్య పరారుణ కెమెరాతో, అంటే మన కంటికి ఆనని వెలుగులో తీసిన రెండోదాంట్లో, ఒంటినిండా ధూళి కప్పుకుని ఎర్రగా బయటపడింది. జనం మాత్రం పెద్దదాన్ని చూసి అయ్యో అంటారు.

— ‘గ్రహ నీహారిక’ అని మాత్రం రాయకండి మాస్టారూ. ఇలాంటి నెబ్యులాలు ఆనాటి దూరదర్శినిలో గుండ్రంగా, తాను 1781లో కనిపెట్టిన యురేనస్‌లా కనబడ్డాయని ఖగోళ శాస్త్రవేత్త హెర్షెల్ పెట్టిన పేరది. గ్రహాలతో సంబంధమే లేదు. మనవాళ్లు శని పట్టిందనుకుంటారు.

— రాజమండ్రిలో మా అమ్మ ‘దీపం ఘనమైంది’ అంటుంది.

— ఘనం అంటే గట్టిది కదా, ఆరడమేంటండీ?

— ఆ మాట నోట రాకూడదని గొప్ప మాటతో కప్పడం. అయితే ఈ చుక్క విషయంలో అది అక్షరాలా నిజం. చివరికి మిగిలే నక్షత్ర గర్భం, అంటే శ్వేత మరుగుజ్జు, సుమారు భూమి అంతే ఉంటుంది, చెంచాడు పదార్థం టన్నులు తూగుతుంది. వందల కోట్ల ఏళ్లు చల్లారాక లోపలి కార్బన్, ఆక్సిజన్ గడ్డకట్టి స్ఫటికమవుతాయి. గాయా టెలిస్కోపు కొలతల్లోంచి 2019లో దీనికి ఆధారం దొరికింది.

అయితే ‘మెరిసేది కాదు, పక్కన మసక చుక్క ఘనమవుతోంది’ అని రాసి అంటించాను. సాయంత్రం కాలనీ పెద్దాయనొకరు చదివి, సన్మానం ఎవరికని అడిగారు. ‘కొండెక్కుతోంది’ అని దిద్దాను.